బరంపురం డాబా నుంచి దేవమాలి దాకా

గురువారం

పలాస దాటాక రైల్లో ఎడమవైపు కిటికీ దొరికినవాడు అదృష్టవంతుడు. మందస, బారువ స్టేషన్ల మధ్య కొబ్బరి తోటల వెనక మహేంద్రగిరి లేచి నిలబడుతుంది. ఎత్తు 1,501 మీటర్లు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండ, మధ్యలో చదును నేల. అందుకని ఆ ఎత్తులో దాదాపు మీటరు కూడా వృథా పోదు, మొత్తం కంటికి ఆనుతుంది. ఇంతకంటే పొడవైన కొండలు దేశంలో ఎన్నో ఉన్నాయి. పక్కన మరో నాలుగు కొండలు భుజాలు కలిపి నిలబడితే ఎంత పొడవున్నా తెలియదు. ఈ యాత్రలో నేను చెప్పదలచుకున్నదల్లా ఇంతే కాబట్టి మొదటే చెప్పేశాను. మిగతాది దారి ఖర్చు.

బరంపురంలో మా పెద్దక్క ఉంది. ఆమె కొడుకు దుబాయిలో లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. సెలవు అయిపోతోంది, వాణ్ణి విశాఖ తీసుకెళ్లి విమానం ఎక్కించే పని నాకు పడింది. రైలెక్కితే ఒక పూట ప్రయాణం. అయితే వాడు వచ్చినప్పటి నుంచి ఫోనులో దుబాయి ఫొటోలు తీసి, స్కైలైన్ అంటే ఇదీ అని ఇంటిల్లిపాదికీ పాఠాలు చెబుతున్నాడని అక్క చెప్పింది. భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో తల నెరిసిన నాకు ఆ మాట విని ఊరుకోబుద్ధి కాలేదు. గోపాల్‌పూర్, పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ చుట్టి సాలూరు మీదుగా దిగుదాం, ఊరికీ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడ బాగుందో చూసుకుంటూ పోదాం అన్నాను.

"మామయ్యా, అటువైపు పది అంతస్తుల మేడ కూడా ఉండదు కదా" అన్నాడు.

"అందుకే అటు వెళ్దామంటున్నాను" అన్నాను.

బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, ఊరు అటు వెళ్లింది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఇక్కడే. ఇప్పటికీ కోర్టుపేటలో కూరగాయల బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగుతుంది. స్టేషను నుంచి ఆటోలో ఇల్లు చేరి, కాఫీ తాగి, కాళ్లయినా సాగదీయకుండా డాబా ఎక్కాను.

పడమటి దిక్కున కెరండిమాల్ కొండల వరుస. దాని ముందు ఊరు. పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి ఊరి గీత వెంట చూపు నడిపిస్తే మళ్లీ మళ్లీ అవే సరుకులు తగులుతాయి: నల్లటి నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, అక్కడక్కడా గుడి శిఖరాలు, అన్నిటికంటే ఎక్కువగా ఇనుప ఊచలు. ప్రతి ఇంటి నెత్తిన, స్తంభం ఉన్న చోటల్లా, వచ్చే అంతస్తు కోసం వదిలిన ఊచలు గుత్తులుగా పైకి లేచి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు. కొందరు ప్లాస్టిక్ సీసాలు బోర్లిస్తారు. ఎక్కువమంది ఏమీ చేయరు. అక్కావాళ్ల ఇంటి ఊచల్లో రెండింటిని ఎవరో కొక్కెంలా వంచారు, వాటికి బట్టలారేసే తీగ కట్టి ఉంది. తీగ కింద నవారు మంచం మీద పాత పంచె, పంచె మీద వరసలుగా మినప అప్పడాలు. ఉప్పు గాలికి ఊచల పొర ఊడి మంచం పక్కన ఎర్రటి పొడి రాలుతోంది. అక్క రోజూ ముందు అది ఊడ్చి తరువాత అప్పడాలు పరుస్తుందట.

"ఏమోయ్ బావమరిదీ, ఆ ఊచలు చూసి నవ్వకు. వీడి పెళ్లికి వేయాల్సిన అంతస్తు అది" అన్నారు బావగారు, మెట్ల మీదే ఆగి. ఆయనకు మోకాళ్ల నొప్పులు. "మా నాన్న మద్రాసు వెళ్లినప్పుడు మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ భవనం చూసి వచ్చి నెల్లాళ్లు ఊరంతా అదే చెప్పాడు. అంత ఎత్తు మేడ మన దేశంలో లేదని."

నిజమే. 1959లో అది తెరిచేనాటికి 177 అడుగులతో దేశంలోనే ఎత్తయిన భవనం. రెండేళ్లకే బొంబాయి దాన్ని దాటేసింది. ఎత్తుతో తెచ్చుకున్న పేరుకు ఆయుష్షు తక్కువ. అయినా మద్రాసు పాత కాలంవాళ్లు ఆ భవనాన్ని ఇప్పటికీ గుర్తుపడతారు. చుట్టూ ఏమీ లేని రోజుల్లో అది వాళ్ల కళ్లలో పడింది మరి.

మేనల్లుడు బుర్జ్ ఖలీఫా తీశాడు. 828 మీటర్లు, 2010లో తెరిచారు, లోపల ఒక లిఫ్టు ఏకబిగిన 504 మీటర్లు ఎక్కుతుంది. వృత్తి లెక్కలు కాబట్టి వాడి నోటి చివరే ఉంటాయి. ఉక్కు తాడు 500 మీటర్లు దాటితే తన బరువు తానే మోయలేని స్థితికి వస్తుందని, అందుకే పెద్ద భవనాల్లో మధ్యలో దిగి లిఫ్టు మారాలని వివరించాడు. ఈ విషయంలో వాడు చెబితే వినాల్సిందే. నా వంతు వచ్చాక నేనూ ఒక లెక్క చెప్పాను. ఎత్తయిన భవనాల చిట్టా రాసే అంతర్జాతీయ మండలి 2013లో ఒక పని చేసింది. ఏ భవనంలో మనిషి మసలే ఆఖరి అంతస్తు ఎక్కడ, అక్కడి నుంచి కొస దాకా ఎంత అని కొలిచింది. బుర్జ్ ఖలీఫాలో ఆ ఖాళీ ఎత్తు 244 మీటర్లు. అంటే ఎవరూ ఉండని భాగాన్ని విరిచి పక్కన నిలబెడితే అదే ఒక ఆకాశహర్మ్యం.

"మరి గుడి శిఖరంలో ఎవరుంటారు మామయ్యా?" అన్నాడు.

మంచి ప్రశ్న. శిఖరం లోపల అంతస్తులు ఉన్నట్టు ఎవరూ నటించలేదు, అది మొదటి నుంచీ దూరం నుంచి వచ్చేవాడి కంటి కోసం కట్టిందే. ఒడిశా రేఖా దేవళాన్ని చూడండి. కింద గోడ నిటారుగా లేస్తుంది. ఆ పైన గండి అనే భాగం చాలా దూరం తిన్నగానే వెళ్లి, చివరికి వచ్చేసరికి లోపలికి వంగుతుంది. వంగిన చోట మెడ, దాని మీద నొక్కులు తీరిన గుండ్రటి ఆమలకం, పైన కలశం. చూపు ఎక్కుతుంది, నెమ్మదిస్తుంది, ఆగుతుంది. సూదిలా సన్నబడుతూ పోయే టవరు మీద చూపు ఎక్కడా ఆగదు, జారి ఆకాశంలోకి పోతుంది. వాడు ఒప్పుకోలేదు. సూది అందం సూదిదే అన్నాడు.

బరంపురానికి మాత్రం ఇద్దరం కలిసే తక్కువ మార్కులు వేశాం. ఇళ్లన్నీ ఒకే మట్టానికి వచ్చేశాయి, వాటి మధ్య ఎడం లేదు. ఏది గుడో ఏది కల్యాణ మండపమో వెతుక్కోవాలి. కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు కొండల వరుసను ముక్కలు చేస్తున్నాయి. 150 మీటర్లు దాటిన భవనాలు లెక్కపెడితే ప్రపంచంలో ముందు నిలిచే హాంకాంగ్ ఈ సంగతి ముందే పట్టుకుంది. రేవుకు అవతల ఎంచుకున్న కొన్ని చోట్ల నిలబడి చూస్తే కొండ అంచు కింద 20 శాతం భాగం భవనాలు అడ్డు రాకుండా ఉండాలని తన నగర ప్రణాళికలో రాసుకుంది. అక్కడక్కడా మినహాయింపులు ఇచ్చారు. కానీ వేల టవర్లు కట్టిన ఊరే వెనక కొండ లేకపోతే తన ముఖం చెల్లదని గ్రహించింది. కొండలు ఉచితంగా వచ్చిన బరంపురం ఎందుకు గ్రహించకూడదు?

శుక్రవారం

ఉదయం బొడొ బజార్‌లో బుఢీ ఠాకురాణి గుడి, పట్టు చీరల వీధులు. పాత వీధుల్లో ఇళ్లు పొడుగ్గా, ఇరుకుగా ఉంటాయి, ఆకాశం తల మీద ఒక పట్టీలా కనిపిస్తుంది. అంచుకు గుడి కుంభాల వరస ఉండే బరంపురం పట్టు చీర ఒకటి అక్క చూపించింది. చీర అంచులో కుదిరిన వరస ఊరి అంచులో కుదరలేదు.

సాయంత్రానికి గోపాల్‌పూర్. బరంపురం నుంచి బస్సులు తెగ ఉంటాయి. ఒకప్పుడు రంగూన్ దాకా ఓడలు నడిచిన రేవు. ఒడ్డున పాత బంగళాల మొండిగోడలు ఇంకా ఉన్నాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ దగ్గరలోనే. తుపాను గాలి ఊరి గీతను ఒక్క రాత్రిలో మార్చేస్తుందని బావగారు చెప్పారు. మర్నాడు డాబా ఎక్కితే చెట్లు లేవట, అంతకుముందు ఎన్నడూ కనిపించని ఇళ్లు కనిపించాయట.

లైట్‌హౌసు పైకి సాయంత్రం కాసేపు వెళ్లనిస్తారు. టికెట్టు తీసుకుని మెట్లెక్కాం. లోపల గుండ్రటి మెట్లు, ఉప్పు తేమకు ఇనుప కటకటా చేతికి జిగురుగా తగులుతుంది. పైకి చేరేసరికి మేనల్లుడు లిఫ్టు లేనందుకు విసుక్కున్నాడు. కన్ను పాతిక మీటర్ల ఎత్తున ఉంటే సముద్రపు అంచు దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుందని లెక్క. ఎత్తు నాలుగింతలు పెంచితే ఆ దూరం రెండింతలే అవుతుంది. ఎత్తు ఖరీదైన వ్యవహారం.

తీరాన్ని సముద్రం వైపు నుంచి చదివినవాళ్లు ఓడ సరంగులు. దిక్సూచి ఉన్నా, నక్షత్రాలున్నా, చేరింది ఏ రేవో తేల్చుకోవాలంటే నేల మీద ఒక గుర్తు కావాలి. బంగాళాఖాతంలో తిరిగిన యూరప్ నావికులు కోణార్క గుడిని నల్ల పగోడా అనీ, సున్నం వేసి ఉండే పూరీ గుడిని తెల్ల పగోడా అనీ తమ పటాల్లో రాసుకున్నారు. భక్తి కోసం కట్టిన శిఖరాలు ఓడలకు దారి చూపాయి. దక్షిణాన ఆ పని మహేంద్రగిరి, ఇంకా దిగువన మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ చేశాయి. ఒక ఊరి స్కైలైన్ మంచిదా కాదా అన్నదానికి నా దృష్టిలో ఇంతకంటే గట్టి పరీక్ష లేదు: పేరు చెప్పకుండా గీత మాత్రమే గీసి చూపిస్తే ఏ ఊరో చెప్పగలగాలి. బొంబాయి మెరైన్ డ్రైవ్ అలాంటిది. అక్కడ నీటి అంచున ఉన్నవి అయిదారు అంతస్తుల ఆర్ట్ డెకో ఇళ్లు. వాటి వల్లనే, పక్కనున్న పాత గోథిక్ కట్టడాలతో కలిపి, 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వంపు తిరిగిన తీరం, ఎత్తు పెరగని ఒక వరస, ముందు నీళ్లు. అంతే సామగ్రి. హైదరాబాదు పడమటి వైపు ఇప్పుడు ఎన్ని అంతస్తుల టవర్లు లేచాయో చూస్తున్నాం. గీత గీసి చూపిస్తే గచ్చిబౌలి అని చెప్పగలవాళ్లు ఎంతమంది? చార్మినార్ 1591 నాటిది, అరవై మీటర్లు కూడా ఉండదు, నాలుగు గీతలు గీస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

కటకటాకు ఆనుకుని మేనల్లుడు ఒక మాట అన్నాడు. "నిజం చెప్పాలంటే మామయ్యా, బుర్జ్ కింద నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ కనబడదు. అమ్మకి చూపించిన ఫొటోలన్నీ రాస్ అల్ ఖోర్ వైపు నుంచి తీసినవే." రాస్ అల్ ఖోర్ దుబాయి ఖాడీ కొసన ఉన్న చిత్తడి నేల, పక్షుల అభయారణ్యం. ఫ్లెమింగోలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంటాయి, వాటి వెనక దూరంగా టవర్లన్నీ ఒక్క చూపులో ఒదుగుతాయి.

అక్కడ ఎవరికీ కట్టడానికి అనుమతి లేదు కదా అన్నాను. లేదన్నాడు. అదే సంగతి. దుబాయి అంత బాగా కనిపించడానికి కారణం, అంత ఖరీదైన నేలలో ఒక మడుగును మడుగుగా ఉంచడం. షికాగో సరస్సు ఒడ్డు కూడా అంతే. ఆకాశహర్మ్యాలు మొదలైన ఊళ్లలో అది ఒకటి, అయినా భవనాల ముందు పొడవునా పార్కే ఉంటుంది. మాంట్‌గమరీ వార్డ్ అనే వర్తకుడు ఆ ఒడ్డున కట్టడాలు రాకుండా 1890 నుంచి రెండు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగాడు. ఊరి పెద్దల తిట్లన్నీ తిన్నాడు. ఈరోజు షికాగో ఫొటో తీసే ప్రతివాడూ ఆయనకు బాకీ.

లైట్‌హౌసు నుంచి వెనక్కి తిరిగి చూస్తే బరంపురం తెలియనే తెలియలేదు. చెట్ల వెనక ఎక్కడో ఒక సెల్ టవరు, దాని వెనక నీలం కొండలు. నిన్న తక్కువ వేసిన మార్కులకు కొంచెం కలపాలనిపించింది.

శనివారం

పలాస దాకా రైలు, అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా బస్సు. పాతపట్నం ఆంధ్ర, పక్కనే పర్లాకిమిడి ఒడిశా, నడుమ మహేంద్రతనయ నది. 1936లో జమీందారీని కూడా రెండుగా కోశారు. ఊరూ కోటా ఒడిశాకి వెళ్లాయి, చాలా గ్రామాలు మద్రాసు వైపు మిగిలాయి. రాజా కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒడిశాకు మొదటి ప్రధాని అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా ఉంటూనే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. రాస్తున్న ఈ తెలుగుకు కూడా ఆయనకే దండం పెట్టాలి.

గజపతి ప్యాలెస్‌ను గీసింది రాబర్ట్ చిషోమ్. మద్రాసు మెరీనా ఒడ్డున ప్రెసిడెన్సీ కాలేజీ, సెనేట్ హౌస్ కట్టించిన మనిషే. మన దేశపు, ఇస్లామీ, యూరప్ రీతులు కలిపే ఇండో-సారసెనిక్ పద్ధతిలో ఆయన చేతికి ఒక వాటం ఉంది: పైకప్పును తిన్నగా వదలడు. బురుజు లేస్తుంది, దిగుతుంది, కొంత దూరం ఖాళీ, మళ్లీ ఏదో లేస్తుంది. ఆకాశాన్ని కూడా కట్టడంలో భాగంగా వాడుకుంటాడు. లోపలికి వెళ్లడం మా లెక్కలో లేదు, బయటి నుంచి చూడటమే పని.

చూడటానికీ ఒక కొలత ఉంది. మెర్టెన్స్ అనే జర్మన్ వాస్తుశిల్పి 19వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు. భవనం ఎత్తుకు సమానమైన దూరంలో నిలబడితే చెక్కడపు పని కనిపిస్తుంది. ఎత్తుకు రెండింతల దూరంలో భవనం మొత్తంగా కంటికి ఇముడుతుంది. మూడింతలు వెనక్కి వెళితే దాని చుట్టుపక్కలతో కలిసి చిత్రమవుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ లెక్క చెబితే స్థలం యజమానులు నవ్వేవారు. మూడింతలు వెనక్కి వెళితే పక్కవాడి వంటింట్లోకి పోతామండీ అని. పర్లాకిమిడిలో మేనల్లుణ్ణి తోడు పెట్టుకుని అడుగులు కొలిచాను. రెండింతల దూరం దొరికింది. మూడో ఇంతకు వెళ్లబోతే టీ కొట్టు అడ్డొచ్చింది. అక్కడే కూర్చున్నాం.

టీ కొట్టు పెద్దాయన మా అడుగుల లెక్క అంతా చూస్తూనే ఉన్నాడు. "స్థలం కొంటున్నారా బాబూ?" అని అడిగాడు. కాదని చెప్పి, ఈ ఊళ్లో రాజుగారి మేడ కంటే ఎత్తు కట్టకూడదని పాత రోజుల్లో ఏదైనా కట్టుబాటు ఉండేదా అని అడిగాను.

"కట్టుబాటు ఎందుకు బాబూ, కట్టడానికి ఎవరి దగ్గర డబ్బుండేది?" అన్నాడు, గ్లాసులు కడుగుతూనే.

పాత ఊళ్ల గీతలు చాలావరకు ఆ మాట మీదే నిలిచాయి. డబ్బు వచ్చాకే కట్టుబాటు అవసరం పడుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగర కార్యాలయం శిఖరాన ఆ ఊరిని స్థాపించిన విలియం పెన్ విగ్రహం ఉంది, 167 మీటర్ల ఎత్తున. దాని టోపీ అంచు దాటి కట్టకూడదని ఊళ్లో ఒక పెద్దమనుషుల మాట. కాగితం మీద ఎక్కడా లేదు. 1987లో ఒక టవరు దాన్ని దాటేసింది, ఆ తరువాత ఆపేవాళ్లు లేరు. లండన్ అలా మాట మీద వదల్లేదు. సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం ఎక్కడెక్కడి నుంచి కనిపించాలో 1938 నుంచే ఎత్తుల నిబంధనలు పెట్టుకుంది. ఆ గుమ్మటానికి దారి ఇవ్వడం కోసమే లెడెన్‌హాల్ భవనం అనే 225 మీటర్ల టవరు ఒక పక్క ఏటవాలుగా వెనక్కి వాలింది. లండన్‌లో కొత్త టవర్లు నాకు పెద్దగా నచ్చవు, గుంపులో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కానీ ఒక పెద్ద టవరు పాత గుమ్మటానికి తప్పుకుని దారివ్వడం మాత్రం గొప్ప మర్యాద.

మేనల్లుడికి ప్యాలెస్ నచ్చింది. మొదటిసారి, ఏ పోలికా తీయకుండా, నచ్చింది అన్నాడు. తరువాత బజారులో కొమ్ముపని చేసే కొట్టుకు వెళ్లి కొంగల జత కొన్నాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు పేరున్నవి. పశువు కొమ్మును వేడి చేసి సాగదీసి, అరగదీసి, మెడ వంపు తెస్తారు. కొంగ మెడ ఎక్కడ తిరగాలో ఆ పనివాడికి చేతిలోనే ఉంది, గీసుకోడు.

ఆదివారం

కాశీనగర్, గుణుపురం, అక్కడి నుంచి రాయగడ. బస్సు కొండల మధ్య తిరిగి తిరిగి వెళ్లింది. గుణుపురంలో వంశధార దాటాం. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన బుల్లి రైలు మార్గం 1931లో గుణుపురం దాకా వచ్చింది. ఇప్పుడు అది పెద్ద లైను.

రాయగడ గురించి ఎక్కువ రాయను. మజ్జిగౌరి అమ్మవారి గుడికి మన విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లే సగం మంది, క్యూలో అంతా తెలుగే. ఊరికి రూపం ఇచ్చేది జేకేపూర్‌లో కాగితం మిల్లు పొగగొట్టం. దాని పొగ ఎటు వంగితే ఆ వేళ గాలి అటు. ఇళ్లు, లాడ్జీలు, బ్యాంకుల బోర్డులు అన్నీ కలగలిసి ఉన్నాయి, ఏ ఊరైనా కావచ్చు. మధ్యాహ్నం భోజనం బాగుంది.

సోమవారం

రాయగడ నుంచి కొరాపుట్ రైలు ఈ యాత్రలో అన్నిటికంటే మంచి ఖర్చు. లైను తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ ఎక్కుతుంది. సొరంగం, వంతెన, మళ్లీ సొరంగం. చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ కొండల వరుస వేరే కోణంలో ఉంటుంది. మేనల్లుడు తలుపు దగ్గర నిలబడితే టీటీ వచ్చి కోప్పడ్డాడు.

దామన్‌జోడి దగ్గర నాల్కో అల్యూమినా కర్మాగారం. పైన పంచపట్‌మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజం బాక్సైటు తవ్వి, 14.6 కిలోమీటర్ల కన్వేయరు బెల్టు మీద కిందికి పంపుతారు. పొగగొట్టాలు, గుండ్రటి పెద్ద ట్యాంకులు, వాటిని కలుపుతూ గొట్టాలు, బెల్టు మోసే ఇనుప కాళ్లు. ఇందులో ఏదీ అందం కోసం పెట్టింది కాదు. ప్రతి వస్తువూ తన పనికి ఎంత కావాలో అంత ఎత్తే ఉంది. అందుకే దేని ఎత్తు దానిది, ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోయాయి. ఇటువైపు పల్లెల్లో కరెంటు స్తంభం కంటే ఎత్తయిన కట్టడం ఇలాంటి పొగగొట్టాలే. వాటి ఖరీదు ఎవరు చెల్లించారన్నది వేరే కథ. కొండలు తవ్విన చోట పైగీత చదునుగా కోసినట్టు తెలుస్తుంది. చూపు అక్కడికి వెళ్లకుండా ఆపలేం.

కొరాపుట్‌లో దిగేసరికి చలి. ఊరి మధ్య గుట్ట మీద జగన్నాథ ఆలయం, 1972 నాటిది. శబర శ్రీక్షేత్రం అంటారు, గిరిజనులకూ లోపలికి తేడా లేకుండా ప్రవేశం. పూరీ శిఖరం ముందు ఈ శిఖరం చిన్నదే. అయితే గుట్ట నెత్తిన పెట్టడం వల్ల బస్టాండు నుంచీ, సంత నుంచీ, మేం దిగిన లాడ్జీ వెనక గది నుంచీ అదే కనిపించింది. ఊళ్లో ఎవరినైనా దారి అడగండి, గుడికి ఎడమ పక్క, గుడికి వెనక అనే చెబుతారు. మొత్తం యాత్రలో నేను ఎక్కువ మార్కులు వేసింది ఈ ఊరికే. ఒకే ఒక్క ఎత్తు వస్తువు, అది సరైన చోట, దాని చుట్టూ కావలసినంత ఆకాశం, వెనక కొండలు.

మెట్లెక్కి పైన కూర్చున్నాక నా దగ్గర దాచుకున్న లెక్క బయటపెట్టాను. కొరాపుట్ ఊరి నేల సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. దుబాయి సముద్రమట్టాన. "అంటే మీ బుర్జ్ కొస కంటే ఈ ఊరి మురుగు కాలువలు ఎత్తులో ఉన్నాయిరా" అన్నాను.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ప్రసాదం తింటున్నాడు.

మంగళవారం

పొద్దున్నే మంచు. గుట్ట మీద గుడి కనబడలేదు, దాని మైకు మాత్రం వినబడింది. సెమిలిగూడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగే బస్సు ఎక్కాం. పొట్టంగి దగ్గర పొగమంచు విడి దేవమాలి బయటపడింది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు. కొన బల్లపరుపుగా, పొడవుగా సాగి ఉంటుంది. మేనల్లుడు ఫోనులో లెక్క వేశాడు. రెండు బుర్జ్‌లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పదహారు మీటర్లు తక్కువ.

"ఇది అన్యాయం మామయ్యా. నేలని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇక పోటీ ఏముంది?"

నేలను లెక్కలోంచి ఎవరు తీసేశారని అడిగాను. కేప్‌టౌన్ ఫొటోలో టవర్లెన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. వెనక 1,086 మీటర్ల బల్లకొండను మాత్రం అందరూ చూస్తారు. రియోలో కొండ మీది క్రీస్తు విగ్రహాన్ని తీసి చదును నేల మీద పెడితే 38 మీటర్లు, పీఠంతో కలిపి. మన విశాఖ సంగతే చూడు. కైలాసగిరి నుంచి తీరం వెంట చూస్తే ఊరు వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఆగుతుంది. ఆ కొండ ముక్కు లేకపోతే బీచ్ రోడ్డు మేడలు చెన్నైవో ముంబైవో అనుకుంటారు. రేపు ఎవరో వచ్చి తీరాన యాభై అంతస్తులు లేపితే ఊరు గొప్పదైందని పేపర్లు రాస్తాయి, ఆ ముక్కు మాత్రం ఎక్కడి నుంచీ కనబడదు.

"కనబడకపోతే యాభయ్యో అంతస్తు ఎక్కి చూడొచ్చు. లిఫ్టు నేను బిగిస్తాను" అన్నాడు.

టికెట్టు ఎంత పెడతావని అడిగాను. గోపాల్‌పూర్ లైట్‌హౌసు రేటుకే ఇస్తానన్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వెనక సీటు పిల్లకు వాంతులు మొదలై, మా వాదన నిమ్మకాయ వెతకడంలోకి మళ్లింది. ఈ దారిన రావాలనుకునేవాళ్లకు ఒక సలహా: డిసెంబరు, జనవరిలో పొద్దు బాగా ఎక్కాకే సుంకి ఘాట్ దిగండి, అంతకుముందు మంచులో కిటికీ సీటు దండగ. కుడిచేతి వైపు కూర్చోవాలా ఎడమా అని తికమక పడనవసరం లేదు, మలుపు మలుపుకీ అటూ ఇటూ మారుతుంది.

సాలూరులో దిగి ఇడ్లీ తిన్నాం. వాడి ఓటు ఇంకా దుబాయికే, రెండో స్థానం పర్లాకిమిడికి ఇచ్చాడు, కొరాపుట్‌కు మూడు. ఆ వరస మార్చడానికి నాకు విజయనగరం దాకా టైముంది అనుకుంటుండగానే బస్సు వచ్చింది. సీట్లు వేరు వేరు చోట్ల దొరికాయి.